జీరంగి లేచిన తడి నేల

ఆ కబురు నాకు మొదట తెచ్చినది మరియమ్మ. రాజోలు అవతల, సముద్రపు హోరు వినిపించే మా పుట్టింటి ఊరికి ఎడంగా ఉన్న పేటలో పుట్టిన పిల్ల. పాదిరీల బడిలో చదువుకుని, ఇప్పుడు మా అమలాపురంలో ఆడపిల్లలకు అక్షరాలు నేర్పుతోంది. సొంత ఊరికి వెళ్ళి వచ్చినప్పుడల్లా నా దగ్గరకు వచ్చి, ఎవరు పోయారో, ఎవరింట బిడ్డ పుట్టిందో చెప్పి వెళ్ళడం అలవాటు చేసుకుంది. పుట్టింటి వాళ్ళు ఎవరూ మిగలని నాకు ఆ నాలుగు మాటలే పుట్టిల్లు. మొన్న మిట్టమధ్యాహ్నం ఎండన పడి వచ్చి, మెట్టు మీద నిలబడే చెప్పింది.

“అమ్మగారూ, మీ నేరేడు కొట్టేసేరండీ. పిల్లకాలువ అటే తీస్తున్నారు.”

“ఏ నేరేడే?”

“ఊరు దాటేక రాదారి వంపులో ఉంటది చూడండి, అదేనండి. వేళ్ళు పెకలిస్తుంటే కింద తెల్ల పురుగులు గంపలకి గంపలండి. కాకులు మనుషుల్ని కూడా లెక్కచెయ్యకుండా వచ్చి తినేసేయి. మా తాత బతికుండగా ఆ చెట్టు దాటినప్పుడల్లా తలగుడ్డ తీసేవోడండి. ఎందుకు తాతా అంటే, నీళ్ళమ్మ చెట్టే, అనేవోడు. నీళ్ళమ్మంటే ఎవరండీ? అమ్మవారాండి?”

“అమ్మవారు కాదే. మా మేనత్త,” అన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఆ మెట్టు మీద చెప్పగలిగేదాన్ని కాను. నెమ్మదిగా రాస్తే చెప్పగలనేమోనని ఇలా కూర్చున్నాను. రాయడానికి కళ్ళూ, వేళ్ళూ ఇంకా మిగిల్చినందుకు స్వామికి దణ్ణం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

ముందు ఆ పురుగు సంగతి చెప్పాలి. మా వైపు దాన్ని ఆకుజీరంగి అనేవాళ్ళం. పెళ్ళికూతురి బొట్టుకు రెక్క కత్తిరించే పెద్ద జీరంగి వేరు, దానిది గట్టి పెంకు. ఇది దానికి పేద చుట్టం. కుంకుడు గింజంత ఉంటుంది, కొంచెం కోలగా, వీపు ఉబ్బెత్తుగా. పైన ఆకుపచ్చ. ఇత్తడి చెంబును తోమకుండా వదిలేస్తే పట్టే చిలుము పచ్చ ఉంటుందే, ఆ పచ్చ మీద నూనె రాసినట్టు మెరుపు. తిరగేస్తే పొట్ట రాగిరంగు. రెక్కల పెంకు మీద సూదిమొనతో గుచ్చినట్టు సన్నని చుక్కలు వరసలు కట్టి ఉండేవి. ఆ పెంకు ఒంటినంతా కప్పదు, పొట్టి రవిక తొడిగినట్టు వెనక కొస బయటికే ఉండిపోతుంది. మీసాల చివర చిన్న రేకులు, వాటిని విసనకర్రలా విప్పుతుంది, భయపడితే ముడుచుకుంటుంది. వెనక కాళ్ళు లావు. కాలి చివర రెండు గోళ్ళు, వాటిలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆ పొడుగు గోరుతో చీర నూలు పట్టిందంటే నూలైనా తెగాలి గాని పట్టు వదలదు. ఇవన్నీ నా అంతట నేను కనిపెట్టినవి కావు. మా అత్తయ్య అరచేతిలో పెట్టి, ఎండకు తిప్పి చూపించినవి. “ఇంత చిన్నదానికి స్వామి ఇంత పని చేసి పెట్టేడు. గబగబా చూసేస్తే ఆయన కష్టం దండగే కదే చిట్టీ,” అనేది.

అది ఎక్కడపడితే అక్కడ ఉండదు. జిగురు నేల దానికి గిట్టదు, నీళ్ళు నిలిచే పల్లంలో బతకదు. ఇసక కలిసిన మెరక కావాలి, పైన రాలిన ఆకు కుళ్ళి నల్లబడి ఉండాలి, దగ్గరలో తినడానికి నేరేడో, రేగో, ములగో ఉండాలి. నేల కింద దాని పిల్ల తెల్లగా, గోధుమరంగు తలతో, అరసున్నలా వంగి పడుకుని గడ్డివేళ్ళు తిని పెరుగుతుంది. వేసవిలో మట్టితోనే గూడు చేసుకుంటుంది. లోపలే రెక్కలు వచ్చి, రంగు వచ్చి, అంతా సిద్ధమైనా బయటికి రాదు. తొలకరి తడి తగిలేదాకా అలాగే కదలకుండా ఉంటుంది. నేల మెత్తబడిన సాయంత్రం పొద్దు వాలే వేళకు మట్టి చీల్చుకుని లేచి, ఝుమ్మంటూ చెట్టు మీద వాలుతుంది. ఈనెలు వదిలేసి మధ్య పచ్చ తింటుంది. తెల్లవారి చూస్తే ఆకు చేపలవలలా ఉండేది.

ఆనకట్టా, కాలువలూ రాకముందు మాట ఇది. గోదావరి మాకు చుట్టూ ఉంది, పంటకు మాత్రం లేదు. వరదకు ఊళ్ళోకి వచ్చేది, ఎండకు రేవులోకి దిగిపోయేది. మా ఇసక మెరకల మీద చోళ్ళు, కొందరు రాగులనే గింజలు, చల్లుకుని వాన కోసం ఆకాశం చూసేవాళ్ళం. ఒక జల్లు కురిస్తే చాలదు, నేల లోపలిదాకా తడవాలి. పైన ఎంత తడిసిందో కంటికి తెలుస్తుంది గాని లోపల ఎంత దిగిందో ఎవరికి తెలుస్తుంది? ఆ జీరంగికి తెలుస్తుందని మా వాళ్ళ నమ్మకం. అది లేస్తే విత్తనం చల్లాలి, లేవకపోతే ఎంత మబ్బు పట్టినా ఆగాలి. తాతల నాటి నుంచీ అలాగే చేశారు. అది ఎప్పుడూ తప్పలేదు. ఊరికి మొదట లేచేది రాదారి వంపులోని నేరేడు కింద. అది మా నేల. ఆ చెట్టు కింద వేసవంతా కూర్చునేది మా అత్తయ్య సూరమ్మ. అందుచేత లేచిందీ లేనిదీ ఊరికి చెప్పడం ఆమె వంతు అయింది.

అత్తయ్య మా నాన్నగారికి అక్క. పెళ్ళయిన కొద్దికాలానికే ఆమె భర్త గోదావరి దాటుతూ పడవ మునిగి పోయాడట. తెల్లచీరతో పుట్టింటికి వచ్చింది. నీళ్ళ మీద కోపం పెంచుకోవలసిన మనిషి నీళ్ళు పోసే మొక్కు పెట్టుకుంది. మా తాతగారు పురాణం చెప్పేవారు, కూతురికి పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పారు. ఆ అక్షరాలే అత్తయ్య నాకు నేర్పింది, వేసవి మధ్యాహ్నాలు, నేరేడు నీడలో, ఇసకలో వేలితో. నేను ఈ రోజు ఈ ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ వేలి చలవే.

ఎండలు ముదిరేసరికి నేరేడు కింద తాటాకు పందిరి లేచేది. కొత్త కుండలు, కుండల కింద తడి ఇసక, కుండల్లో వట్టివేరు. ఆ మూడు వాసనలూ కలిసి వచ్చే ఆ చల్లదనం నాకు ఇప్పటికీ ఎక్కడైనా మట్టికుండ కనిపిస్తే ముక్కుకు తగులుతుంది. ఊళ్ళో వాళ్ళు వస్తే కొమ్ముచెంబుతో దోసిట్లో పోసేది. పేట వాళ్ళు పందిరి దగ్గరకు రాకూడదు. వాళ్ళ కోసం పందిరి వెనకవైపు తడిక సందులోంచి నిలువునా చీల్చిన వెదురుగొట్టం ఒకటి బయటికి పెట్టి ఉండేది. ఈ చివర అత్తయ్య పోస్తే, ఆ చివర వాళ్ళు వంగి దోసిలి పట్టేవారు. గొట్టంలో వచ్చే నీళ్ళు ఒకసారి సన్నగా, ఒకసారి భళ్ళున పడేవి. తాగింది సగమైతే నేల తాగింది సగం. ఆ గొట్టం మూతి కింద వేసవంతా బురదే.

“అత్తయ్యా, వాళ్ళకి చెంబే ఇచ్చేస్తే ఇన్ని నీళ్ళు పోవు కదా,” అన్నాను ఒకసారి.

“అమ్మో, అలా అనకూడదే,” అంది, గొంతు తగ్గించి. తరవాత నవ్వి, “పోనీలేవే, ఆ నేలకీ దాహమే కదా,” అంది.

నేను చెప్పే ఏటికి ముందరి ఏడాది వానలు సరిగా లేవు. ఇళ్ళలో గాదెలు అడుగంటాయి. తాటి తేగలూ, కందదుంపలూ, చెరువు గట్టున దొరికే ఆకుకూరలూ తిని గడిపాం. మా ఇంట్లో వంటింటి దూలానికి ఉట్టిలో విత్తనపు కుండ వేలాడేది, మూతికి పేడ అలికి, లోపల వేపాకు వేసి. మా తమ్ముడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. దాన్ని చూపించి “అమ్మా, అది వండు,” అనేవాడు. “అది మనది కాదురా నాన్నా, నేలది,” అనేది అమ్మ. చెప్పి తను కూడా ఒకసారి దానివైపు చూసేది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అలాంటి కుండ ఒక్కటే మిగిలింది. అది నేలలో మొలిస్తే బతుకు, లేకపోతే లేదు.

ఆ వేసవిలో రాదారి మీద జనం పెరిగారు. ఎక్కడెక్కడి వాళ్ళో, నెత్తిన మూటలు, చంకన పిల్లలు, రేవువైపు నడిచి పోతుండేవారు. ఎవరినడిగినా పని దొరుకుతుందన్నారండీ అనేవారు, ఎక్కడ అంటే చెప్పలేకపోయేవారు. వాళ్ళలో చాలామంది వెదురుగొట్టం వైపుకే వచ్చేవారు. అత్తయ్య ఎన్నడూ లేనంత నీళ్ళు తోడింది. అరచేతులు బొబ్బలెక్కాయి. పెట్టడానికి అన్నం లేదు, నీళ్ళయినా పోయనీ స్వామీ, అనుకుంటూ పోసేది.

రోహిణి ఎండలు పోతూ ఉండగా ఒక సాయంత్రం పడమట మబ్బు పట్టి, నదికి ఆవల ఎక్కడో ఉరిమింది. మాకు చినుకు పడలేదు. పడ్డదేమో, మేము నిద్రలో చూసుకోలేదేమో అని పెద్దవాళ్ళు అనుకున్నారు, ఆశకొద్దీ. మర్నాడు పొద్దు వాలే వేళకు నేను ఇసకలో దిద్దుకుంటూ ఉంటే నా పలక మీద, అంటే ఆ ఇసక మీదే, టప్పున ఒక జీరంగి పడింది. తల ఎత్తితే నేరేడు కొమ్మల్లో ఝుమ్మని చప్పుడు. అత్తయ్య దాన్ని అరచేతిలోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. పురుగును కళ్ళకద్దుకున్న మనిషిని మళ్ళీ నేను చూడలేదు. అలాగే గుప్పిట మూసి మా కళ్ళం దగ్గరకు నడిచింది. అక్కడ నాన్నగారూ, పొరుగింటి బుచ్చన్న బాబాయీ, ఇంకా కొందరూ కూర్చుని ఉన్నారు.

“తమ్ముడూ, లేచింది,” అంది.

“చూసేవా అక్కా?”

“ఇదిగో, చేతిలోనే ఉంది.”

“సూరమ్మక్క చేతిలో జీరంగికీ, మా ఆవిడ చేతిలో తెడ్డుకీ ఎదురు చెప్పకూడదురా,” అన్నాడు బుచ్చన్న బాబాయి లేస్తూ. అందరూ నవ్వారు. ఎన్నాళ్ళకో ఆ కళ్ళంలో నవ్వు వినపడింది. కాస్త ఎడంగా, గట్టు కింద నిలబడి ఉన్న పేట పెద్ద పోలయ్య, మరియమ్మకు తాత, చేతులు కట్టుకుని అడిగాడు.

“నిజంగా లేచిందాండీ, అమ్మగారండీ?”

“లేచిందిరా పోలయ్యా.”

“ఆయ్. మా దుక్కి ఇంకా కొంచెం ఉండిపోయిందండి. ఎడ్లు మీ అందరి పనీ అయ్యేకే కదండీ మాకు దొరికేది. ఎల్లుండి చల్లేత్తామండి.”

మర్నాడు ఊరు ఊరంతా మెరక మీదే ఉంది. పైన దుమ్ము ఆరే ఉన్నా, పురుగు లేచాక లోపల తడి దిగిందనే నమ్మారు. అమ్మ ఉట్టి దించి, కుండ మూతి పగలగొట్టి, చోళ్ళు చేటలో పోసి దణ్ణం పెట్టింది. తమ్ముడు గుప్పెడు తీసుకోబోతే చెయ్యి పట్టుకుంది. సాయంత్రానికి మా విత్తనమంతా నేలలో ఉంది.

ఆ తరవాతి ఉదయం అత్తయ్య నన్ను వెంటపెట్టుకుని రేగుపొదల వైపు వెళ్ళింది. అక్కడా లేచి ఉంటాయి, చూసి వద్దామని. అక్కడ ఆకులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. దిబ్బ మీది ములగ దగ్గరకు వెళ్ళాం. అక్కడా లేవు. అత్తయ్య వంగి పుల్లతో ములగ కింద నేల గీసింది. బూడిదలాంటి దుమ్ము లేచింది. ఇంకా లోపలికి తవ్వితే మట్టి గూడులో జీరంగి కాళ్ళు ముడుచుకుని, పచ్చగా మెరుస్తూ, కదలకుండా పడుకుని ఉంది. ఇంకొకటి తవ్వింది. అదీ అంతే. అత్తయ్య వెనక్కి తిరిగి నేరేడు దగ్గరకు వచ్చి, పందిరి చుట్టూ తిరిగి, తడిక వెనక్కి వెళ్ళింది. వెదురుగొట్టం మూతి కింద నేల జల్లెడలా ఉంది. పురుగు లేచిన రంధ్రాలన్నీ అక్కడే. బురద ఎంతవరకు పాకిందో అంతవరకే. దానికి జానెడు ఇవతల ఒక్కటీ లేదు. వాన తడి లేదు, ఆ వేసవిలో ఎన్నడూ లేనంతగా ఆమె పోసిన నీళ్ళ తడి ఉంది. దానికే అవి లేచాయి.

అత్తయ్య ఆ బురదలో కూర్చుండిపోయింది. నేను ఏడవడం మొదలుపెట్టాను, ఎందుకో తెలియకుండానే.

ఇంటికి వచ్చి నాన్నగారితో చెప్పింది. నాన్నగారు గోడవైపు తిరిగి అన్నారు. “చల్లినవాళ్ళు చల్లేసేరు. ఇప్పుడు చెప్పి ఏం చేస్తావక్కా? మృగశిర రాబోతోంది, వాన రానూ వచ్చు.”

“పేటలో ఇంకా చల్లలేదురా.”

“వదినగారూ, మీకు దణ్ణం పెడతానండి,” అంది అమ్మ, తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మానికి అడ్డంగా వచ్చి. “ఈ మాట బయటికి పొక్కితే ఊరంతా ఇంటి మీద పడతారు. పిల్లలున్నారండీ.”

“సాయంత్రం పాలేరు వస్తాడు, కబురు పంపుదాం,” అన్నారు నాన్నగారు.

“సాయంత్రానికి గింజలు నేలలో ఉంటాయి. వాళ్ళ పిల్లలూ పిల్లలే కదా,” అంది అత్తయ్య. అమ్మను మెల్లిగా పక్కకు జరిపి, కొంగు నెత్తిన కప్పుకుని బయలుదేరింది. మా ఇంటి ఆడవాళ్ళు ఆ దారిన వెళ్ళడం ఎవరూ ఎరగరు. నేను వెనకాల పరిగెత్తాను. పేట గట్టు దాకా వెళ్ళి, అక్కడ తాటిచెట్టును పట్టుకుని నిలబడిపోయాను. అవతలికి అడుగు వెయ్యడానికి నాకు భయం. అది నాకు ఎవరూ చెప్పి పెట్టిన భయం కాదు, పాలతో తాగినది.

నెత్తి మాడే ఎండ. పోలయ్య వాకిట్లో పేట మగవాళ్ళంతా ఉన్నారు. గంపల్లో చోళ్ళు పోసి, పైన పసుపు చల్లి, ఎత్తుకోబోతున్నారు. అత్తయ్యను చూసి అందరూ ఒక్కసారి వెనక్కి తగ్గారు.

“అమ్మగారండీ! ఇటు రాకండి, తప్పండి!” అన్నాడు పోలయ్య, చేతులు అడ్డం పెట్టి.

“గింజలు దించండర్రా,” అంది అత్తయ్య. “చల్లకండి. అది వానకి లేవలేదు. నేను పోసిన నీళ్ళకి లేచింది. నేను చూసుకోకుండా చెప్పేను.”

పోలయ్య గంప దించి అడిగాడు. “మరి ఊరంతా చల్లేసేరు కదండీ?”

“చల్లేసేరు. మీరైనా ఆగండి.”

అప్పుడు అత్తయ్య తూలింది. గోడ పట్టుకుని, “కాసిని నీళ్ళు పొయ్యవే,” అంది పోలయ్య భార్యతో. ఆవిడ భర్తవైపు చూసింది, భర్త నేలవైపు చూశాడు. లోపలికి వెళ్ళి ముంత తెచ్చింది. తెచ్చి, దగ్గరకు రాలేదు. చెయ్యి ఎంత చాపగలదో అంత చాపి, ఎత్తునుంచి, ముంత తగలకుండా, అత్తయ్య దోసిట్లో పోసింది. మేము వాళ్ళకు పోసేది ఎలాగో అలాగే. ఆవిడకు నీళ్ళు పోయడం అంటే అదే తెలుసు. సగం అత్తయ్య మోచేతుల మీదుగా కారి నేలలో ఇంకిపోయాయి. అత్తయ్య వంగి తాగింది. ఇంకాసిని అడిగి తాగింది. నేను తాటిచెట్టు చాటునుంచి ఆ నీళ్ళు నేల మీద పడడం చూస్తూ ఉన్నాను.

రాదారిన పోయే పశువుల కాపర్లు కూడా చూశారు. సాయంత్రానికి మా వాకిలి నిండిపోయింది. విత్తనం సంగతి అత్తయ్యే ముందు చెప్పింది. ఇద్దరు ముగ్గురు తిట్టారు, ఒకాయన నేల మీద ఉమ్మేశాడు. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. వాన వస్తుందేమోనన్న ఆశ అందరికీ ఉంది. నిలిచింది రెండో సంగతి మీది కోపం.

“పేటలో నీళ్ళు తాగేవట?” అన్నాడు బుచ్చన్న బాబాయి. అతని నోట హాస్యం లేని మాట అదే మొదటిసారి విన్నాను.

“తాగలేదని చెప్పక్కా,” అన్నారు నాన్నగారు మెల్లిగా, పక్కనుంచి. “నోరు తడుపుకున్నానని చెప్పు. ఉమ్మేసేనని చెప్పు.”

“తాగేనురా. దాహం వేసింది,” అంది అత్తయ్య. “ఆవిడ నాకు పోసింది. లేదని ఎలా అంటాను?”

ఆ ఒక్క మాటతో అయిపోయింది. ఆమె వంటింట్లోకి రాకూడదన్నారు. నూతి దగ్గరకు రాకూడదన్నారు. ఆమె చేతి నీళ్ళు ఇక ఎవరూ తాగరు గనుక పందిరి పీకేశారు, కుండలు పగలగొట్టారు. ఆ వేసవిలో రాదారిన నడిచి వచ్చే జనం నేరేడు కిందకు వచ్చి, పెంకులు చూసి, నిలబడి, వెళ్ళిపోయేవారు. అత్తయ్యకు పశువులశాలలో ఒక మూల చాప వేశారు. మా పశువులను అప్పటికే అమ్మేశాం, దుక్కి కూడా అరువు ఎడ్లతోనే అయింది, శాల ఖాళీగానే ఉంది. “పెద్ద చోటే ఇచ్చేడే స్వామి,” అంది నాతో, చాప దులుపుకుంటూ.

మృగశిర ఎండగా వెళ్ళిపోయింది. ఆరుద్ర ఎండగా వెళ్ళిపోయింది. మెరక మీద గింజలను చీమలు వరస కట్టి మోసుకుపోయాయి. మిగిలినవి ఒక దొంగజల్లుకు ముక్కు విప్పి, మూడోపూటకు మాడిపోయాయి. ఆ వేళ వీధిలో ఎవరూ ఏడవలేదు. ఎవరి వాకిట్లో వాళ్ళు కూర్చున్నారు. తరవాత జరిగినవన్నీ రాయను. మొదట ముసలివాళ్ళు పోయారు, తరవాత పసివాళ్ళు. బుచ్చన్న బాబాయి పిల్లలను తీసుకుని రేవు దాటి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. మా తమ్ముడు జ్వరం కూడా లేకుండా, నూనె తగ్గిన దీపంలాగ పోయాడు. ఆ రోజు అమ్మ పశువులశాల గుమ్మం దగ్గరకు వెళ్ళి, “నీ పురుగు తినేసిందే నా కొడుకుని! నీ పురుగే తినేసింది!” అని నేల కొట్టుకుంటూ అరిచింది. అత్తయ్య లోపల గోడకు ఆనుకుని వింది. చెవులు మూసుకోలేదు. ఆ తరవాత తన వంతు గంజి నాకు ఇచ్చేది. నేను తాగాను. ఆకలి అలాంటిది.

ఆ శాల గుమ్మం దగ్గరే నా చదువు సాగింది. ఆమె లోపల, నేను బయట, మధ్యన గడప. గడప ఇవతల దుమ్ములో ఆమె వేలితో రాస్తే నేను కింద దిద్దేదాన్ని. ఒత్తులన్నీ ఆ ఆకలిలో నేర్చుకున్నవే.

అదను అంతా పోయాక, ఎవరూ ఎదురుచూడడం మానేశాక వాన వచ్చింది. ముసురు పట్టి, నేల లోపలిదాకా తడిసేలా కురిసింది. ఆ సాయంత్రం ఊరి నిండా జీరంగులు. రేగు మీద, ములగ మీద, మా చూరు మీద. చల్లడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా గింజ లేదు. పేటలో ఉంది. ఆకలితో వాళ్ళ ఇళ్ళలోనూ మనుషులు పోయారు, అయినా ఆ గింజలు ముట్టుకోలేదు. మర్నాడు పోలయ్య గంపతో వచ్చి, మా వాకిట్లో దూరంగా దింపి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

“ఇవి అమ్మగారు ఆపిన గింజలండి. మేము చల్లుకోగా మిగిలినయ్యి, ఊరందరికీ తలా కొంచెం ఇత్తన్నామండి.”

నాన్నగారు గంప తీసుకున్నారు. తీసుకునేటప్పుడు తల ఎత్తలేదు. పేట గింజ ముట్టుకోవచ్చా అని ఊళ్ళో ఎవరూ అడగలేదు. శాలలోంచి అత్తయ్య వింటోంది. నేను పరిగెత్తి వెళ్ళేసరికి దోసిలి పట్టి కూర్చుని ఉంది, ఏదో పోయించుకుంటున్నట్టు. “స్వామి దయ చూసేవటే చిట్టీ,” అంది.

ఆ పైరు వెన్ను తీసేదాకా ఆమె ఉంది, గింజ గట్టిపడేదాకా లేదు. చివరి రోజు నాన్నగారు శాలలోకి వెళ్ళారు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉద్ధరిణి అందించబోయింది. ఆయన అది తీసుకోకుండా, చెంబులో చెయ్యి ముంచి, తన వేళ్ళతోనే అక్క నోట్లో నీళ్ళు పోశారు. కొత్త చోళ్ళతో ఇంట్లో మొదటి అంబలి కాచిన రోజున అమ్మ ముందుగా ఒక మూకుడులో తీసి పశువులశాల గడప మీద పెట్టింది. మర్నాడూ పెట్టింది. అలా చాలా కాలం పెట్టింది.

ఇప్పుడు ఆ మెరక మీద కాలువ నీళ్ళు పారబోతున్నాయి. చోళ్ళు చల్లే చోట వరి నాటుతారు. మా మనవలు ఆకలి అంటే పూట ఆలస్యం కావడమే అనుకుంటారు. అందుకు నేను రోజూ స్వామికి చేతులెత్తి మొక్కుతాను, ఆ నీళ్ళు తెచ్చిన వాళ్ళందరికీ మొక్కుతాను. నేల ఎప్పుడూ తడిగా ఉండే చోట ఆకుజీరంగి ఉండదు. మా అమలాపురపు తోటల్లో వెతికించాను, పిల్లలు తెచ్చినవి వేరే ఏవో నల్లపురుగులు. ఆ చిలుము పచ్చ, ఆ రాగి పొట్ట, ఆ ఎగుడుదిగుడు గోళ్ళు వాళ్ళెవరూ ఎరగరు. పురుగు పోయింది, కరువూ పోయింది. వెదురుగొట్టం మాత్రం పోలేదు. మొన్న వేసవిలో మా వీధి చివర పెట్టిన చలివేంద్రంలో కూడా తడిక సందులోంచి బయటికి వచ్చి ఉంది. దాని మూతి కింద బురద కూడా ఉంది.

మరియమ్మ ఆ రోజు వెళ్ళబోతూ నీళ్ళడిగింది. నేను చెంబుతో వచ్చేసరికి, అంత చదువుకున్న పిల్ల, మెట్టు దిగి వంగి దోసిలి పట్టింది. నేను దగ్గరకు వెళ్ళి చెంబు ఆ దోసిట్లో పెట్టాను. పట్టుకోవడం తెలియనట్టు ఒక క్షణం అలాగే ఉండిపోయింది. మా కోడలు గుమ్మంలోంచి చూసింది, చూసి లోపలికి వెళ్ళింది. మరియమ్మ తాగింది. ఒక్క చుక్క కింద పడలేదు.

ఇది చదివే అమ్మలకూ అయ్యలకూ నా మనవి ఒక్కటే. ఆ చెట్టు లేదు, ఆ శాల లేదు, ఆమె పేరు పెట్టుకున్న పిల్ల మా వంశంలో లేదు. పేటలో నీళ్ళమ్మ అనేవారు, వాళ్ళు కూడా ఇప్పుడు అమ్మవారనుకుంటున్నారు. ఆమె అమ్మవారు కాదు. అక్షరం తెలిసిన, దాహం వేసిన మనిషి. ఆమె పేరు సూరమ్మ. ఎవరికైనా మంచినీళ్ళు ఇచ్చేటప్పుడు ఒకసారి ఆమెను తలుచుకోండి.